ఈ తోపులో మామిడిచెట్లు లేవు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నెల్లూరులో ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చి, ‘తాతా, మా లెక్కల సారు తోపు’ అన్నాడు. నాకు తెలిసింది మామిడితోపు, సరుగుడుతోపు. మర్నాడు అదే మాటను పక్కింటి కుర్రవాడి మీద ప్రయోగించి ఎకసెక్కెంగా నవ్వాడు. ఇది పొగడ్తా, తెగడ్తా? ఇలాంటి మాటలతో తెలుగు పాడైపోదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: రెండూనండీ. మీ మనవడి తోపుకూ మీ మామిడితోపుకూ చుట్టరికం లేదు. ఉర్దూలో ‘తోప్’ అంటే ఫిరంగి. తన్ను తాను గొప్పవాడిననుకొనేవాణ్ని ‘పెద్ద ఫిరంగి అనుకుంటున్నాడు’ అని ఉర్దూ, హిందీ మాట్లాడేవారు ఎద్దేవా చేస్తారు. ఈ మాట హైదరాబాదు మీదుగా మన కుర్రకారు నోటికి చేరి ఉంటుందని నా అభిప్రాయం. పుట్టుకలోనే ఎత్తిపొడుపు ఉండటం వల్ల, మెచ్చుకోలుగా మారాక కూడా దానికి ఆ వాసన పోలేదు. ‘మా సారు తోపు’ అంటే నికరమైన మెప్పు. ‘నువ్వు పెద్ద తోపువి మరి’ అంటే చెంపదెబ్బ. తేడా అంతా ఆ ‘పెద్ద’లోనూ, ఆ ‘మరి’లోనూ, అన్నవాడి కనుబొమ్మ ఎంత ఎత్తుకు లేచిందన్నదానిలోనూ ఉంది. ఉర్దూలో అపాయకరమని అర్థమిచ్చే ‘ఖతర్నాక్’ హైదరాబాదు వీధుల్లో ‘అద్భుతం’గా మారినట్టే, మన కూరగాయల ‘కత్తి’ కూడా ఈమధ్య మెచ్చుకోలు మాటయింది.

ఈ రెండు నాలుకల గుణం కుర్రవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. మన తరంలో ‘వాడు మహా ఘటికుడు’, ‘అసాధ్యుడు’ అన్నప్పుడు వినేవాడు ఒక్క క్షణం ఆగి, ఇది మెప్పో దెప్పో తేల్చుకోవలసి వచ్చేది కదా. ఇక భాష పాడైపోతుందన్న దిగులు గురించి ఒక్క సంగతి చెబుతాను. సి.పి. బ్రౌన్ దొర తన తెలుగు నిఘంటువుతో తృప్తి పడక, తెలుగులో కలిసిపోతున్న పరభాషల మాటలకూ, కచేరీ వ్యవహారపు మిశ్రమ భాషకూ 1854లో విడిగా మరో నిఘంటువు అచ్చువేయించవలసి వచ్చింది. జిల్లా, తాలూకా, వకీలు, రాజీనామా ఆ కోవలో వచ్చిన మాటలే. నేడు వాటిని తెలుగు కావనేవారు మీ బడిలోనూ ఉండి ఉండరు.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా నుంచి కావలి దగ్గరి ఊరికి బదిలీపై వచ్చాను. ఇల్లు చూడబోతే యజమానురాలు, ‘మా పిలకాయలు గుంటకాడ ఉండారు, బిన్నా వస్తారు, కూకోండి’ అన్నారు. సగం అర్థం కాలేదు; అర్థమైందనుకున్న సగం తప్పని తర్వాత తెలిసింది.
– ఒక ఉద్యోగి

జవాబు: మిమ్మల్ని ముంచింది ‘గుంట’ అని ఊహిస్తున్నాను. మీ వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు. నెల్లూరు సీమలో గుంట అంటే నీళ్లు నిలిచే పల్లం; రొయ్యల సాగు వచ్చాక రొయ్యల చెరువు కూడా గుంటే అయింది. పిలకాయలంటే పిల్లలు; అయితే వయసు చూసి మోసపోకండి, మీసాలు వచ్చి పెళ్లయినవాళ్లు కూడా తల్లికి పిలకాయలే. బిన్నా అంటే త్వరగా అని అర్థం, చిత్తూరు వైపూ వినిపిస్తుంది. ‘ఉండారు’ అంటే ‘ఉన్నారు’ అనే. రేపు ఎవరైనా ‘మా ఆయన కయ్యలో ఉండాడు’ అంటే తగవులో ఉన్నాడని కంగారు పడి పరుగెత్తకండి. కయ్య అంటే వరిమడి.

ప్రశ్న: మావారు స్థలాల మధ్యవర్తి. ‘ఈరోజు పార్టీ ఉంది, ఆలస్యమవుతుంది’ అని వెళ్లారు. మా అమ్మ తాగుడనుకుంది, మా మామగారు రాజకీయమనుకున్నారు. మావారు మాత్రం ఆ రాత్రి ఆకలితోనే ఇంటికి వచ్చారు.
– గృహిణి, ఒంగోలు

జవాబు: ముగ్గురూ తమతమ పార్టీల గురించే ఆలోచించారు. కళాశాల పిల్లలకు పార్టీ అంటే విందు, ‘పార్టీ ఎప్పుడు?’ అంటే జేబు ఖాళీ చేయమని. మీ మామగారి వయసువారికి పార్టీ అంటే ఊరి రాజకీయం. అవతలి పక్షం ‘ఎగస్పార్టీ’. మీవారి వృత్తిలో పార్టీ అంటే కొనడానికో అమ్మడానికో వచ్చిన మనిషి. మీ ఊళ్లోనే ఒక టీ దుకాణంలో అరగంట కూర్చుని విన్న మాటలివి: ‘పార్టీ గట్టిది.’ ‘నిన్నటికి ఇవాళ పార్టీ మెత్తబడింది.’ ‘పార్టీని స్థలం కాడికి తీసకపోయినా, ఉలకదు పలకదు.’ అరగంటలో ఒక్క మనిషి పేరూ వినబడలేదు. ఆ పార్టీ ఆడో మగో, ఒకరో పదిమందో కూడా తెలియలేదు. అది అజాగ్రత్త కాదు. పేరు బయటపడితే పక్క బల్ల మీద టీ తాగుతున్న మరో మధ్యవర్తి సాయంత్రానికల్లా ఆ పేరుగలవారి గడపలో ఉంటాడు, మీవారి కమీషను గాలికి పోతుంది. పూర్వం పశువుల సంతల్లో బేరగాళ్లు తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకొనేవారు. ఆ తుండుగుడ్డ చేసిన పనే ఇప్పుడు ‘పార్టీ’ అనే మాట చేస్తోంది. మీ అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: ఒంగోలు నుంచి గిద్దలూరు వెళ్లాను. సహోద్యోగి మొదటిరోజే ‘నీ దగ్గర లెక్క ఉందా?’ అన్నాడు. దేని లెక్క?
– ఒక గుమాస్తా

జవాబు: డబ్బు. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పరచినప్పుడు గిద్దలూరు, మార్కాపురం కర్నూలు నుంచి వచ్చాయి. వస్తూ వస్తూ సీమ మాటనూ తెచ్చుకున్నాయి. తెలంగాణలోనైతే ‘వాని లెక్క’ అంటే వాడిలాగా అని. అప్పు ఇచ్చారో లేదో మీరు రాయలేదు.

ప్రశ్న: మా కార్యాలయంలో నడక కాస్త సుకుమారంగా ఉన్న ఒకతణ్ని అందరూ ‘తేడా’ అంటారు. ఊరికే సరదా మాటేనంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కాదు. జమాఖర్చుల్లో పది రూపాయలు తేడా వస్తే అది తేడా. ‘ఏదో తేడా కొడుతోంది’ అంటే అనుమానం, అందులోనూ తప్పులేదు. మనిషినే తేడా అన్నప్పుడు మాత్రం అతని లింగస్వభావాన్ని వెక్కిరించడమవుతుంది. ఒక మాట సరదా అవునో కాదో చెప్పవలసింది అన్నవారు కాదు, పడ్డవారు. మీరు ఆ మాట మానేయండి. అడిగితే కారణం కూడా చెప్పండి.

ప్రశ్న: నా పిల్లలిద్దరూ నా ఎదుటే ‘కరే కపు కసి కని కమా’ అని గుసగుసలాడుకొని నవ్వుతున్నారు. ఇది ఏ దేశపు భాష?
– ఒక తల్లి, కావలి

జవాబు: ఇది ‘క’ భాష, మీ అమ్మమ్మగారికీ వచ్చే ఉంటుంది. ప్రతి అక్షరం ముందు చేర్చిన ‘క’ను తీసేసి చదవండి: రేపు సినిమా. మీ అనుమతి సంగతి వాళ్ల మాటల్లో ఇంకా రాలేదు.