ఐరన్ ఫ్లేమ్ 60 పేజీలైనా ఎక్కట్లేదంటే

అరవై పేజీలు చదివినా కథ ఎక్కట్లేదు, నా ఇంగ్లీషే చాలదేమో అన్నారు కదా. మీ ఇంగ్లీషు తప్పేం లేదండీ. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో మీరు కొన్న ‘ఐరన్ ఫ్లేమ్’, రెబెక్కా యారోస్ రాసిన డ్రాగన్ల ఫాంటసీ సిరీస్‌లో రెండో భాగం. మొదటిది ‘ఫోర్త్ వింగ్’. రెండూ 2023లోనే వచ్చాయి, పేర్లలో ఎన్నో భాగమో చెప్పే నంబరు లేదు (‘ఫోర్త్’ అన్నది భాగం నంబరు కాదు). మొదటిది ఆగిన చోటే రెండోది అందుకుంటుంది. అందుకే ఎవరు ఎవరో, నాయిక వయొలెట్‌కి నాయకుడు జేడెన్ మీద అంత కోపమెందుకో మీకు అందలేదు.

1. అక్కడే ఆపేసి, ముందు ‘ఫోర్త్ వింగ్’ చదవండి. నెట్‌లో సారాంశం చదివి ముందుకెళ్లొద్దు. ఇద్దరి మధ్య పగ ప్రేమగా ఎలా మారిందన్నదే మొదటి భాగంలో అసలు రుచి, అది పోతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: అట్ట, వెనక నాలుగు లైన్లు చూసి కొనేస్తారు. టైటిల్ పేజీకి అటూ ఇటూ ఉండే ‘ఇదే రచయిత ఇతర పుస్తకాలు’ జాబితా తిప్పరు. సిరీస్ పేరు కింద మీ పుస్తకం ఎన్నోదో చూడండి. పాత కాపీలో జాబితా అప్పటివరకే ఉంటుంది. 2025లో వచ్చిన మూడోది, ‘ఆనిక్స్ స్టార్మ్’, మీ దాంట్లో లేకపోవచ్చు. ఒకే రచయితకి రెండు మూడు సిరీస్‌లుంటే కలిపేసుకోకండి.

3. ‘ఫోర్త్ వింగ్’ మొదలెట్టాక పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. వయొలెట్, జేడెన్, వయొలెట్ చిన్ననాటి స్నేహితుడు డేన్, డ్రాగన్ టైర్న్ చాలు. ముందున్న మ్యాప్ దగ్గర ఒక చీటీ పెట్టుకోండి.

4. సిరీస్ ఓపిక లేకపోతే నవోమీ నోవిక్ రాసిన ఫాంటసీ నవల ‘అప్‌రూటెడ్’ తీసుకోండి. ఒక్క పుస్తకంలో కథ అయిపోతుంది, చెప్పేదీ ఒక్కమ్మాయే. కొత్తవాళ్లకి నా ఓటు దీనికే.

ఇంట్లో పిల్లలకి కూడా ఇద్దామనుకుంటే ఆగండి, ‘ఫోర్త్ వింగ్’లో శృంగారం బాహాటంగానే ఉంటుంది.