చెవి లోపలికి దూరని ఇయర్‌ఫోన్స్ ఏవి మంచివి?

పగలు ఆఫీసు మీటింగులు, సాయంత్రం కోర్సు వీడియోలు, రాత్రి పొద్దుపోయాక ఇంటికి ఫోను. దేశం మారిన కొత్తలో చెవులకి సెలవంటూ ఉండదు. నేను వచ్చిన ఏడాది సిలికాన్ టిప్స్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌ని లోపలికంటా కుక్కుకుని రోజుకు పది గంటలు గడిపేవాణ్ణి. మూడో నెలకు దురద, ఆ తర్వాత నొప్పి, చివరికి ఎడమ చెవి దిబ్బడ వేసి సగమే వినపడటం మొదలైంది. చెవి డాక్టరు మందుల సంగతి ఎత్తకముందే "రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటారు?" అని అడిగారు. గులిమి లోపల గట్టిపడి అడ్డం పడింది, అంతే. అది తీసేసి, కొన్నాళ్లు చెవిలో ఏదీ దూర్చవద్దని చెప్పి పంపేశారు.

గులిమి మురికి కాదు, చెవికి కాపలా. దానంతట అదే మెల్లగా బయటికి వచ్చేస్తూ ఉంటుంది. గంటల తరబడి బిరడా కొట్టి ఉంచితే అది రాలేదు, పైగా లోపలికి నెట్టుకుపోతుంది. చెమ్మ కూడా ఆరదు. అందరికీ ఇలా జరగదు. సిలికాన్ టిప్స్ ఏళ్ల తరబడి హాయిగా వాడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. మీకే ఇబ్బందీ లేకపోతే మార్చక్కర్లేదు.

ఇంకో కారణం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. చెవి పూర్తిగా మూసుకుపోయినప్పుడు మన గొంతు మనకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. దవడ ఎముకల మీదుగా వచ్చే శబ్దం బయటికి పోయే దారి లేక లోపలే మోగడం వల్ల అలా ఉంటుంది. దాంతో తెలియకుండానే గొంతు తగ్గించేస్తాం. అసలే కొత్త యాసలో మాట్లాడుతున్నామన్న టెన్షన్, పైగా అవతలివాళ్లు మూడుసార్లు "మళ్లీ చెప్పండి" అంటుంటే ఇక మాట ఎక్కడ వస్తుంది? చెవి తెరిచి ఉంచే రకానికి మారాక నా మీటింగులు మెరుగుపడ్డాయి, నా ఇంగ్లిష్ మాత్రం అలాగే ఉంది.

మొదటి జత ఏది కొనాలంటే నా జవాబు ఒక్కటే: వైరు ఉన్న, బిళ్ల ఆకారపు పాతరకం ఇయర్‌బడ్స్. ఇవి చెవి రంధ్రంలోకి వెళ్లవు, బయట దొప్పలో గుంటగా ఉండే చోట కూర్చుంటాయి. 2012లో వచ్చిన ఆపిల్ ఇయర్‌పాడ్స్ ఈ కుటుంబంలోవే. పేరులేని చిన్న కంపెనీలు చేసేవాటిలో చాలా వరకు సెన్‌హైజర్ ఎంఎక్స్ 500 ఆకారాన్ని అనుసరించినవే. వీటి బిళ్ల దాదాపు 16 మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న చెవులవాళ్లకి అది ఒరుసుకుంటుంది, గంటలో గుంట అంచు ఎర్రబడుతుంది. అలాంటివాళ్లకి ఇయర్‌పాడ్స్‌లా సన్నగా సాగిన ఆకారం నయం. కొందరికి అదే ఆకారం జారిపోతుంది. అప్పుడు పల్చటి స్పాంజి తొడుగులు వేసి చూడండి. జారడం ఆగుతుంది, బేస్ (పాటలోని మంద్ర శబ్దం) కూడా కాస్త పెరుగుతుంది. మన రెండు చెవులూ ఒక్క కొలతలో ఉండవు కాబట్టి ఒకవైపు మాత్రమే జారితే వస్తువులో లోపం అనుకోకండి. పెట్టుకుని ఇరవై నిమిషాలు ఏదైనా నములుతూ, నవ్వుతూ, తల తిప్పుతూ ఉండండి. దవడ కదిలినప్పుడు కూడా నిలబడితేనే అది మీ చెవికి సరిపోయినట్టు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది పిన్ను దగ్గర. ఐఫోన్‌లో గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం 2016లోనే పోయింది. 2023లో ఐఫోన్ 15 నుంచి టైప్-సి వచ్చింది. ఆఫీసు లాప్‌టాప్‌కి మాత్రం గుండ్రటి రంధ్రం ఇంకా ఉండొచ్చు. నేనైతే గుండ్రటి పిన్నువే కొని, ఫోను కోసం టైప్-సి అడాప్టర్ ఒకటి పక్కన పెట్టుకుంటాను. ఆ అడాప్టర్ లోపల డిజిటల్ శబ్దాన్ని మార్చే చిప్ ఉందో లేదో చూసి తీసుకోండి. చిప్ లేనివి చాలా ఫోన్లలో కిమ్మనవు. ఇంకో చిన్న గుర్తు: గుండ్రటి పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే మైక్ ఉన్నట్టు, రెండే ఉంటే వినడానికి మాత్రమే.

వైరు వద్దనుకుంటే మూడు దారులున్నాయి. చెవి వెనక కొక్కెంలా తగిలించుకునేవి తేలిగ్గానే ఉంటాయి గానీ కళ్లజోడు వాళ్లకి చెవి మీద రెండు కాడలు పోట్లాడుకుంటాయి. నాకు అదే గొడవ. చెవి అంచుకి క్లిప్‌లా పట్టుకునేవి కళ్లజోడుకి అడ్డురావు. 2023లో హువావే ఫ్రీక్లిప్, ఆ మరుసటి ఏడాది బోస్ అల్ట్రా ఓపెన్ వచ్చాయి, ఇప్పుడు అదే పద్ధతిలో చవకరకాలూ దొరుకుతున్నాయి. మూడోది షాక్స్ లాంటి కంపెనీలు చేసే బోన్ కండక్షన్ రకం. ఇవి చెవికి ముందున్న ఎముక మీద ఆనుకుని, కంపనాన్ని నేరుగా లోపలి చెవికి పంపుతాయి. మాటలు వినడానికి బాగుంటాయి, పాటలకి ఉసూరుమనిపిస్తాయి, సౌండ్ పెంచితే బుగ్గకి చక్కిలిగిలి.

బ్లూటూత్ ఏది కొన్నా ఒక విషయం తెలిసి ఉండాలి. ఇయర్‌ఫోన్ మైక్ ఆన్ కాగానే వినిపించే శబ్దం పాత ల్యాండ్‌లైన్‌లా పలచబడటం చాలా వాటిలో మామూలే. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైక్‌గా లాప్‌టాప్‌నే ఎంచుకుంటే ఎక్కువసార్లు ఆ బాధ తప్పుతుంది. యాస అర్థం కావడానికి ఇది ఎంత పనికొస్తుందో వాడి చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో మాత్రమే వాడేందుకైతే 1984 నుంచి వస్తున్న కాస్ పోర్టా ప్రో లాంటి స్పాంజి హెడ్‌ఫోన్స్ కూడా చూడండి. చూడటానికి పాత వాక్‌మన్ రోజుల్లోవిలా ఉంటాయి, ఆ పేరుతో నన్ను ఆటపట్టించనివాళ్లు లేరు. చెవి రంధ్రం జోలికే రావు, వాటి శబ్దం నాకు చాలా ఇష్టం.

ఇక ఇప్పటిదాకా చెప్పిన రకాలన్నిటికీ ఉన్న లోటు. చెవి మూయవు కాబట్టి బేస్ తక్కువ, బయటి గోల అంతా లోపలికి వస్తుంది, లోపలి శబ్దం బయటికి పోతుంది. రూమ్మేట్‌తో గది పంచుకుంటున్నప్పుడు ఒక రాత్రి మా అమ్మ నన్ను తిట్టిన తిట్లన్నీ అతను తెల్లారి వరసగా అప్పజెప్పాడు. లైబ్రరీలోనూ ఇదే చిక్కు.

అంతకన్నా ముఖ్యం రైలు, బస్సు. ఆ హోరును మించి వినబడాలని సౌండ్ పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగానికి పడిపోతాయి: 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5. కాబట్టి రోజూ రైల్లో గంట ప్రయాణం ఉంటే, దానికి ఈ రకం వాడకండి. చెవి మీద గిన్నెలా కూర్చుని బయటి గోలను తగ్గించే హెడ్‌ఫోన్స్ వేరే ఉంచుకోండి, లేదా ఆ గంట కిటికీలోంచి చూడండి.

రోడ్డు మీద అయితే చట్టం చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో 2015 జులై నుంచి కారు నడిపేటప్పుడే కాదు, సైకిల్ తొక్కేటప్పుడు కూడా ఇయర్‌ఫోన్ పెట్టుకోకూడదు. కాలిఫోర్నియాలో రెండు చెవులకీ పెట్టుకోవడం తప్పు, ఒక చెవికి పర్వాలేదు. చెవి తెరిచే ఉంది కదా అని పోలీసుతో వాదించే బదులు మీరున్న చోట ఏముందో ముందే కనుక్కోండి.

కొనే ముందు వాపసు షరతులు చదవండి. పెట్టె విప్పాక శుభ్రత పేరు చెప్పి ఇయర్‌ఫోన్స్ వెనక్కి తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి. నేను మొదట కొన్న కొక్కెం రకం అలాగే రెండేళ్లుగా సొరుగులో ఉంది. కళ్లజోడు లేనివాళ్లెవరైనా అడిగితే ఇచ్చేద్దామని చూస్తున్నాను.