అడగండి, చెబుతాం: టాస్క్‌మాస్టర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బ్రిటిష్ కామెడీ గేమ్ షో టాస్క్‌మాస్టర్ గురించి మా ఆఫీసులో ఒకటే పొగడ్తలు. ఫోన్లో చిన్న చిన్న వీడియోలు చూశాను గానీ నాకంత నవ్వు రాలేదు. ఏ సీజన్ నుంచి చూడమంటారు?
– ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముక్కలు ముక్కలుగా చూడడమే చిక్కండీ. ఈ షోలో నవ్వు జోకుల్లో కంటే మనుషుల్లో ఎక్కువ ఉంటుంది. సీజన్ మొత్తం అదే ఐదుగురు కమెడియన్లు ఆడతారు. టాస్క్, అంటే చేయాల్సిన పని, రాసిన కాగితం చదివీ చదవకముందే పరుగందుకునేవారు ఒకరు, ప్రతి మాటలో మెలిక వెతికేవారు ఒకరు, మార్కులు తగ్గితే చాలు జడ్జితో వాదనకి దిగేవారు ఒకరు. రెండు మూడు ఎపిసోడ్లకి వాళ్ల తీరు మనకి పట్టుబడుతుంది. ఆ తర్వాత టాస్క్ ఉన్న సీలు వేసిన కవరు చేతిలోకి తీసుకుంటుంటేనే నవ్వు మొదలవుతుంది. అర నిమిషం వీడియోలో ఆ పరిచయానికి చోటేదీ?

షో పద్ధతి ఇదీ. ముందు, ఇచ్చిన అంశానికి తగ్గట్టు ఐదుగురూ తలో వస్తువు తెస్తారు. ఆ రోజు గెలిచినవారు ఐదింటినీ పట్టుకుపోతారు. తర్వాత లండన్‌లోని చిజిక్‌లో ఒక చిన్న ఇంట్లో ముందే తీసిన టాస్కులు చూపిస్తారు. చివరిది స్టూడియోలో అందరూ కలిసి ఆడేది. మార్కులు 5 నుంచి 1 దాకా, నియమం తప్పితే సున్నా. తీర్పు గ్రెగ్ డేవిస్‌ది. పక్కన నోట్‌ప్యాడ్ పట్టుకుని బుద్ధిగా కూర్చునే సహాయకుడు అలెక్స్ హార్న్ ఈ ఆట కనిపెట్టినవాడు. 2010లో ఎడింబరో ఫ్రింజ్ అనే కళల పండగలో రంగస్థలం మీద ఆడించాడు. 2015 జూలైలో డేవ్ ఛానల్లో టీవీకెక్కింది, 2020లో ఛానల్ 4కి మారింది.

సీజన్ సీజన్‌కీ మనుషులు మారిపోతారు కాబట్టి వరస పాటించక్కర్లేదు. మా ఓటు ముందు సీజన్ 4కి. 8 ఎపిసోడ్లే. నోయెల్ ఫీల్డింగ్, మెల్ గెడ్రాయిచ్, హ్యూ డెనిస్, జో లైసెట్, లాలీ అడెఫోపే – ఐదుగురివీ ఐదు దారులు, ఒకరి మీద ఒకరికి కచ్చ ఉండదు, కొత్తవాళ్లకి హాయిగా ఉంటుంది. తర్వాత సీజన్ 7. అందులో రాడ్ గిల్బర్ట్ గ్రెగ్‌కి పాత స్నేహితుడు, ఆ చనువు కొద్దీ ఆయన్ని ఏడిపించడమే పనిగా పెట్టుకుంటాడు. జేమ్స్ అకాస్టర్‌ది ప్రతి తీర్పు మీదా తగువే. ఆ గొడవలు రుచించాలంటే నియమాలు ముందే తెలిసుండాలి, అందుకే దాన్ని రెండోది చేశాం. సీజన్ 1 (6 ఎపిసోడ్లు) మూడోదిగా చూడండి. షో ఇంకా కుదురుకుంటున్న రోజులవి. అయినా మొదటి ఎపిసోడ్లోనే ఒక నిమిషంలో వీలైనంత పుచ్చకాయ తినమన్నప్పుడు రోమేష్ రంగనాథన్ కాయని నేలకేసి కొట్టి తినడం చూసి తీరాలి.

ఛాంపియన్ ఆఫ్ ఛాంపియన్స్ అని విడిగా ఉంటుంది. మొదటిది, తొలి ఐదు సీజన్ల విజేతలతో. ఆ ఐదూ చూడకుండా అటు వెళ్లారో, ఎవరు గెలిచారో ముందే తెలిసిపోతుంది. వీడియోల కింద కామెంట్లు కూడా అంతే, చదవకండి.

ప్రశ్న: ఇంగ్లిష్ సినిమాలు బాగానే అర్థమవుతాయి. ఈ షోలో మాత్రం సగం మాటలు జారిపోతున్నాయి.
– గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: సినిమాలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. ఇక్కడ స్టూడియోలో ముగ్గురు ఒకేసారి అందుకుంటారు, పైన ప్రేక్షకుల నవ్వు. పైగా యాసలు వేరు వేరు: రాడ్ గిల్బర్ట్‌ది వేల్స్, సీజన్ 5లో ఐస్లింగ్ బీది ఐర్లండ్. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. యూట్యూబ్‌లో షో అధికారిక ఛానల్లో చూస్తుంటే, సెట్టింగుల్లో 'ఆటో' అని లేని సబ్‌టైటిల్స్ ఉంటే అవే ఎంచుకోండి. యంత్రం రాసినవి మాటల మీద మాటలు పడ్డచోట తప్పులతడకలవుతాయి. వేగం తగ్గించకండి, నవ్వు పుట్టించే విరామాలు సాగిపోతాయి. టాస్క్ చదివే ఆ పది సెకన్లు మాత్రం వదలకండి. అక్కడ ఒక్క మాట జారితే తర్వాతి పది నిమిషాల గొడవ దేనికో తెలీదు.

ప్రశ్న: పిల్లలతో కలిసి చూడొచ్చా?
– సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ, బూతులు బాగానే దొర్లుతాయి. పిల్లలే ఆడే జూనియర్ టాస్క్‌మాస్టర్ 2024లో వచ్చింది, అది పెట్టండి. రోజ్ మటాఫెయో తీర్పు చెబుతుంది, మైక్ వోజ్నియాక్ సహాయకుడు.

ప్రశ్న: సంక్రాంతికి చుట్టాలంతా వస్తున్నారు. ఇంట్లో ఈ ఆట ఆడించాలంటే ఎలా?
– మధురవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఐదుగురు ఆటగాళ్లు, ఒక జడ్జి, ఫోన్‌తో వీడియో తీసే సహాయకుడు ఒకరు. జడ్జిగా ఎవరి మాటకి ఇంట్లో ఎదురుండదో వారిని పెట్టండి, అమ్మమ్మ అయితే మరీ మంచిది. టాస్కులు జరుగుతుండగా జడ్జి చూడకూడదు.

పొద్దున్న మూడు టాస్కులు తీసేయండి. ఒక్కొక్కరికి 5 నిమిషాలు, సర్దడానికి ఇంకో 2. అంటే ఒక్కో టాస్క్‌కి 35 నిమిషాలు, మూడింటికీ గంటా ముప్పావు. మిగతావాళ్లని గదిలో కూర్చోబెట్టి టీవీ సౌండు పెంచండి. ఒకరి ఉపాయం ఇంకొకరి చెవిన పడితే ఆట అక్కడితో సరి. తీసిందంతా 75 నిమిషాలవుతుంది, ఒక్కొక్కరిదీ నిమిషానికి కుదించి రాత్రి భోజనాలయ్యాక టీవీలో వేయండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది టాస్క్ రాయడంలో. ఇలా రాయండి: "ఈ కొబ్బరిబొండాన్ని గేటు వైపు వీలైనంత దూరం చేర్చండి. మీ చేతులు బొండానికి తగలకూడదు. 5 నిమిషాలు. ఎక్కువ దూరం చేర్చినవారు గెలిచినట్టు." కొలవడానికి ఒక లెక్క, ఒక అడ్డంకి, ఒక గడువు, అంతే. దుప్పటిలో చుట్టి మోసుకెళ్లొచ్చా, తమ్ముణ్ణి పిలవొచ్చా అన్నది రాయకండి. అడిగితే అలెక్స్ చెప్పినట్టే చెప్పాలి: "వివరాలన్నీ కాగితం మీదే ఉన్నాయి." "అందంగా చేయండి" అని మాత్రమే రాస్తే మెలిక పెట్టడానికి ఏమీ మిగలదు. నిషేధాలు నాలుగైదు పెడితే అందరూ ఒకేలా చేస్తారు.

నియమం పెట్టాక జడ్జి మెత్తబడకూడదు. సీజన్ 2లో బంగాళాదుంపని గుంతలో వేయాలి, గుంత చుట్టూ పరిచిన ఎర్ర తివాచీని తాకకూడదు. జో విల్కిన్సన్ దూరం నుంచి విసిరిన మొదటి దెబ్బకే దుంప గుంతలో పడింది. స్టూడియోలో వీడియో మళ్లీ వేస్తే కాలు తివాచీకి తగిలినట్టు తేలింది. అంతటి విసురుకీ అనర్హతే. జాలిపడి మార్కులిచ్చి ఉంటే ఆ టాస్క్‌ని ఇవాళ ఎవరూ తలుచుకోరు.

బహుమతి వస్తువు వంద రూపాయల లోపు ఉండాలని ముందే చెప్పండి. గెలిచినవారు నిజంగానే పట్టుకుపోతారు, తర్వాత అలకలు వద్దు.

ఆర్.కె. బీచ్‌లో ఆడిస్తామంటే పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం సముద్రం గాలికి కాగితాలు, బెలూన్లు నిలవవు. నీళ్లలోకి దిగాల్సిన టాస్క్ ఒక్కటి కూడా వద్దు. అక్కడ అలల కింద లాగుడు ఎక్కువ, గడువు తరుముతుంటే ఎంత జాగ్రత్తపరులైనా ఇంకో రెండడుగులు లోపలికి వేస్తారు.