మగ్గం మీద వంగిన వీపుకు మళ్లీ వంగుడేనా?

యోగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పొద్దున ఆరింటికి యోగా క్లాసు చెప్తాను. 18 మంది వస్తారు. అందులో ఐదుగురు చీరలు నేసేవాళ్లు. అందరికీ ఒకటే వరుస: 6 సూర్యనమస్కారాలు, పశ్చిమోత్తానాసనం, సర్వాంగాసనం, హలాసనం. నేసేవాళ్లు నెల తిరగకముందే మెడ పట్టేసిందని మానేస్తున్నారు. ఒక్కొక్కరికీ వేరుగా చెప్తే క్లాసు నడిచేదెట్లా?
- ఒక శిక్షకురాలు, నారాయణపేట

జవాబు: మీ వరుసలో ముందుకు వంగేవి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. సూర్యనమస్కారం ఒక్కో రౌండులో పాదహస్తాసనం రెండుసార్లు వస్తుంది. 6 రౌండ్లకు 12. పశ్చిమోత్తానాసనంలోనూ వంగుడే. సర్వాంగాసనం, హలాసనాల్లో ఒంటి బరువంతా వంగిన మెడ దగ్గరే పడుతుంది. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి పొద్దంతా చేసేదీ ఇదే. తల దించి, పైవీపు గుండ్రంగా పెట్టి, కాళ్లు గుంతలో తొక్కుతూ, ఒక చేత్తో నాడె తాడు గుంజుతూ ఉంటారు. ఛాతీ ముందుభాగం బిగుసుకుపోతుంది, పైవీపు కండరాలు సాగి అలిసిపోతాయి. క్లాసులో మళ్లీ అదే వంపు ఇస్తే పట్టేయక ఏం చేస్తుంది?

వాళ్లకు ఈ నాలుగు చాలు. 15 నిమిషాలు పడుతుంది.

మొదట వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, అరికాళ్లు నేలకు ఆనించాలి. తల కింద రెండు అంగుళాల ఎత్తున మడిచిన దుప్పటి పెట్టండి. గడ్డం ఇంకా పైకి లేచి ఉంటే మరో మడత వేయండి. ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ తల వెనక్కి, వదులుతూ మళ్లీ పక్కలకు. ఇలా 6 సార్లు. తాడు గుంజే చెయ్యి నేలకు ఆనకపోవచ్చు. మోచేయి వంచుకోనివ్వండి, మీరు పట్టి నొక్కొద్దు.

తర్వాత ద్విపాదపీఠం. దుప్పటి మాత్రం తీసేయాలి, లేకుంటే నడుము లేపినప్పుడు మెడ ఇంకా వంగుతుంది. ఊపిరి తీసుకుంటూ నడుము పైకి, వదులుతూ పైవీపు నుంచి ఒక్కో వెన్నుపూసా దించుతూ కిందికి. 6 సార్లు.

మూడోది చిన్న భుజంగాసనం. బోర్లా పడుకుని, నుదురు నేలకు ఆనించి, అరచేతుల మీద బరువు వేయకుండా, ఊపిరి తీసుకుంటూ ఛాతీని మూడు నాలుగు అంగుళాలు లేపితే చాలు. చూపు నేల మీదే ఉండాలి. తప్పు జరిగేది ఇక్కడే. పైవీపు కదలదు కాబట్టి ఆ లోటు తీర్చడానికి మెడను వెనక్కి విరుస్తారు. పోస్టర్‌లో ఉన్నంత ఎత్తు లేవమంటే మళ్లీ మెడ నొప్పితోనే ఇంటికి పోతారు.

చివర వెల్లకిలా తిరిగి, ఊపిరి వదులుతూ మోకాళ్లు పొట్ట దగ్గరికి తెచ్చుకోవాలి. 6 సార్లు.

క్లాసు సంగతి. 18 మందికి 18 వరుసలు అక్కర్లేదు. నేసేవాళ్లను గోడ పక్కన ఒకే వరుసలో కూర్చోబెట్టండి. మిగతావాళ్లు ముందుకు వంగేటప్పుడు వీళ్లు భుజంగాసనం చేస్తారు, మీ లెక్క ఇద్దరికీ ఒకటే. రోజుకు ఇద్దరిని క్లాసయ్యాక పది నిమిషాలు ఆపి వాళ్ల సంగతులు అడిగితే తొమ్మిది రోజుల్లో అందరిదీ అయిపోతుంది. నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి: పని ఏంటి, ఏ భంగిమలో, నొప్పి ఎక్కడ, ఏ మందులు, ఏ ఆపరేషన్లు, నిద్ర ఎట్లా, ఇంట్లో ఎన్ని నిమిషాలు దొరుకుతాయి. చివరి ప్రశ్నను చాలామంది శిక్షకులు అడగనే అడగరు. పది నిమిషాలే దొరికే మనిషికి ముప్పావుగంట వరుస రాసిస్తే అది గోడకే ఉంటుంది.

మనిషిని బట్టి మార్చడం కొత్త పద్ధతేం కాదు. పతంజలి యోగసూత్రాల్లో "తస్య భూమిషు వినియోగః" అని ఉంది, ఉన్న మెట్టును బట్టి అన్వయించమని. 1930లలో మైసూరు ప్యాలెస్‌లో కుర్రాళ్లకు జోరైన వరుసలు నేర్పిన యోగా గురువు కృష్ణమాచార్యే, తర్వాత మద్రాసులో ఒక్కొక్కరినీ విడిగా చూసి చెప్పారు. కుర్రాళ్ల వరుసను యాభై ఏళ్ల నేతన్నకు దించితే తప్పు నేతన్నది కాదు.

ప్రశ్న: మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లు చాలామంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నయి. బిగుసుకుపోయిన నడుము యోగాతో మళ్లీ వంగుతదా?
- మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ముదిరితే వంగదు. అలా వంగుతుందని మాటివ్వొద్దు కూడా. ఫ్లోరోసిస్ ముదిరినప్పుడు వెన్నుపూసల చుట్టూ ఉండే స్నాయువులే (లిగమెంట్లే) గట్టిపడి ఎముకలా అవుతాయి. కండరం బిగువు సాధనతో తగ్గుతుంది, ఇది తగ్గదు. పైగా ఆ ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. వీపు మీద చెయ్యేసి నొక్కడం, కూర్చుని మెలితిప్పడం, మెడను గుండ్రంగా తిప్పడం ఈ మనుషులకు పూర్తిగా మానేయాలి.

ముందు మూడు సంగతులు చూడండి: మోకాలు వంచకుండా నేల మీది నాణెం అందుతుందా, గడ్డం ఛాతీకి తగులుతుందా, చేతులు పక్కలకు చాచి మోచేతులు మడిచి తల వెనక తాకగలరా. అనుమానం వచ్చినప్పుడు ఫ్లోరోసిస్‌ను గుర్తించడానికి చేసే తేలిక పరీక్షలివి. ఏది అందకపోయినా సాధన చేస్తే వస్తుందిలే అనుకోవద్దు. కాళ్లల్లో తిమ్మిరి, నడకలో తూలు, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెన్నుపాము మీద ఒత్తిడి ఉండొచ్చు. వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. అప్పటిదాకా ఏ ఆసనమూ వద్దు.

మిగతావాళ్లను చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. ఊపిరి తీసుకుంటూ చేతులు నొప్పి రానంత ఎత్తుకే, వదులుతూ ఒళ్లోకి. చీలమండలు, మణికట్లు తిప్పడం. కుర్చీ చేతులు పట్టుకుని లేచి కూర్చోవడం 5 సార్లు. నడుము వంగకపోయినా బాత్రూంకు ఒకరి సాయం లేకుండా పోగలిగితే ఆ ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

ప్రశ్న: "కళ్లు మూసుకుని శ్వాసను గమనించండి" అంటే సగం మంది నిద్రపోతారు, ఒకామెకు గాభరా వస్తుంది. ఏం చేయాలి?
- మహబూబ్‌నగర్

జవాబు: నిద్రపోయేవాళ్లను నిద్రపోనివ్వండి. నాట్ల కాలంలో పొద్దంతా బురదలో వంగి వచ్చిన మనిషికి అదీ అవసరమే. కూర్చోబెట్టి చెప్తే కొంత తగ్గుతుంది. "గమనించండి" అనే మాట అందరికీ అందదు. దేన్ని గమనించాలో ఒక్కటే చెప్పండి: "పొట్ట మీద చెయ్యి పెట్టండి, చెయ్యి లేస్తున్నదా?" తర్వాత ఊపిరి వదిలేటప్పుడు 1 నుంచి 6 దాకా మనసులో లెక్క. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ 1 నుంచి. గాభరా వచ్చే ఆమెకు కళ్లు మూయించొద్దు, శ్వాస మీదికీ పంపొద్దు. చూపు నేల మీద ఒక చోట నిలిపి, అడుగులు లెక్కపెడుతూ మెల్లగా నడవమనండి. శ్వాసనే చూస్తూ ఉంటే గాభరా పెరిగేవాళ్లు ఉంటారు. "ప్రశాంతంగా ఉండండి" అని మాత్రం అనకండి, కాలేనివాళ్లకు అది ఇంకో బరువు.

ప్రశ్న: బీపీ మాత్ర వేసుకునే విద్యార్థి కపాలభాతి నేర్పమంటున్నాడు. నేర్పొచ్చా?
- దేవరకొండ

జవాబు: వద్దు. జోరుగా ఊపిరి తీసి వదిలే భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం, శీర్షాసనం కూడా వద్దు. 4 లెక్కకు తీసుకుని 6 లెక్కకు వదలడం, రోజుకు 12 సార్లు, చాలు. అతనికి షుగర్ కూడా ఉండి ఇన్సులిన్ తీసుకుంటుంటే పరగడుపున క్లాసుకు రావచ్చో లేదో డాక్టర్‌ను అడిగి రమ్మనండి. షుగర్ పడిపోతే ఇవ్వడానికి మీ సంచిలో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి.