టర్న్‌టేబుల్ కింద స్పైకులు పెడితే రైలు అదురు ఆగుతుందా?

విశాఖ మర్రిపాలెంలో పట్టాల పక్క ఫ్లాట్, గూడ్సు వెళ్తే రికార్డులో గుడగుడ మోత, వాల్యూమ్ పెంచితే ఆగని హోరు. ఆంప్ (ధ్వని పెంచే యాంప్లిఫయర్), డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సంకేతంగా మార్చే పెట్టె), టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) మూడింటికీ స్పైకులు, అంటే కింద పెట్టే మొనదేలిన లోహపు కాళ్ళు, కొనాలా అని కదండీ మీ ప్రశ్న? నేనుండేది కంచరపాలెంలో, పట్టాలు మాకూ దగ్గరే. స్పైకులు మాత్రం కొనకండి. అవి సామానుని బల్లకి గట్టిగా ముడేస్తాయి, వచ్చే అదురుని ఆపవు.

ముందు ఒక పరీక్ష చేయండి. మోటారు ఆపేసి, కదలని రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. బండేదీ రాకుండానే హోరు మొదలైతే అది రైలు పని కాదు, మీ స్పీకర్లదే. (వెంటనే తగ్గించేయండి, స్పీకర్లలో లోతు శబ్దాలిచ్చే వూఫర్లు పోతాయి.) స్పీకర్ల అదురు బల్లలోంచి ముల్లుకెక్కి, ఆంప్‌లో పెద్దదై, మళ్ళీ స్పీకర్లలోంచే వస్తుంది. మీవన్నీ ఒకే షోకేసు మీదున్నాయన్నారుగా! స్పీకర్లని విడిగా స్టాండ్ల మీదికి మార్చండి. మా ఇంట్లో గోల చాలావరకు అక్కడే తగ్గింది.

ఇక రైలు. దీనికి కావలసింది మెత్తటి ఆధారం, అదీ బరువుకి తగ్గది. బరువు పెట్టగానే స్ప్రింగు 1 సెంటీమీటరు దిగితే దాని సహజ కంపనం సుమారు 5 హెర్ట్జ్, అంటే తట్టి వదిలితే సెకనుకి 5 సార్లు ఊగుతుంది. 1 మిల్లీమీటరే దిగితే 16 దాకా ఉంటుంది. కిందినుంచి వచ్చే అదురు హెర్ట్జ్‌లో ఆ అంకెకి 1.4 రెట్లు దాటితేనే తగ్గడం మొదలవుతుంది, ఆ అంకె దగ్గరగా ఉంటే ఇంకా పెరుగుతుంది. టోనార్మ్ (ముల్లుని మోసే చెయ్యి), కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించిన ముక్క) కలిసి ఊగేది మామూలుగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య. అందుకే రెండు మూడు మిల్లీమీటర్లు దిగే రబ్బరు పాదాలు సరిగ్గా ఊగకూడని చోటే ఊగిస్తాయి. ఎన్ని వేలు పోసి కొన్నా అంతే.

నేను పెట్టింది పిల్లల సైకిల్ ట్యూబు. కొంచెమే గాలి కొట్టి, దానిమీద వంటగట్టుకి వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క, ఆపైన టర్న్‌టేబుల్. మా ఆవిడ చూసి సైకిల్ షాపు తెరుస్తున్నావా అంది గానీ, ఇప్పుడు గూడ్సు వెళ్ళినా పాట చెదరదు. గాలి తగ్గితే మట్టం తప్పుతుంది, అప్పుడప్పుడు స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకోవాలి. ట్యూబు వద్దనుకుంటే స్ప్రింగులు, అవి స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. మన సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పు పట్టేస్తుంది.

మెత్తటి ఆధారానికి ఒక చిక్కుంది. పిల్లలు పరిగెడితే అది ఊగుతుంది. అలా అయితే గోడకి షెల్ఫు కొట్టించండి, లేదా బల్లని గది మధ్యలోంచి స్తంభం పక్కకి జరపండి. శ్లాబు ఎక్కువ వంగేది నడిమధ్యే.

ఆంప్, డాక్ సంగతా? ట్రాన్సిస్టర్ ఆంప్‌కీ డాక్‌కీ ఏమీ అక్కర్లేదు. వాల్వు ఆంప్ (గాజు గొట్టాలతో పనిచేసేది) అయితే వాల్వు మీద పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. స్పీకర్లో టింగుమంటేనే దాని కిందా ఏదైనా పెట్టండి.