'బ్లూ రెవ్' ఆల్బంకి అంత పేరెందుకు? గిటార్ల హోరు తప్ప నాకేమీ వినపడలేదే!

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇది: కెనడా ఇండీ పాప్ బ్యాండ్ ఆల్వేస్ తీసుకొచ్చిన మూడో ఆల్బం 'బ్లూ రెవ్'ని రివ్యూలు రాసేవాళ్లంతా ఆకాశానికెత్తేశారు. మీరు వింటే మాత్రం ఆ అమ్మాయి ఏం పాడుతోందో అర్థం కాలేదు, పాటలన్నీ ఒకేలా అనిపించాయి. లోపం మీ చెవుల్లో ఉందా, ఆల్బంలో ఉందా?

మీ చెవులు బాగానే ఉన్నాయండి. గాయని మాలీ రాంకిన్ గొంతుని గిటార్ల హోరులో కావాలనే కలిపేశారు. అయినా ఆల్బంకి వచ్చిన పేరు న్యాయమైనదే అంటాను. ఆ హోరు కింద ఉన్నవి పకడ్బందీగా కట్టిన పాప్ బాణీలు. హోరు తీసేసినా అవి నిలబడతాయి.

ఇంట్లో గిటార్ పట్టుకుని పాడుకునే అలవాటు నాకు చాలా ఏళ్లుగా ఉంది. అందుకని ఏ పాటలో సరుకుందో తేల్చుకోవడానికి నాదో పద్ధతి: ఎఫెక్టులు, సింథ్‌లు (సింథసైజర్ కీబోర్డులు), డ్రమ్స్ ఏవీ లేకుండా ఒట్టి అకూస్టిక్ గిటార్ మీద నెమ్మదిగా వాయించి చూస్తాను. డాబు మీద బతికే పాట అక్కడే తేలిపోతుంది. ఈ ఆల్బంలోని 'బెలిండా సేస్' మీద అలా చాలా సాయంత్రాలే గడిచాయి. పల్లవి చేరేసరికి ఎవరికైనా గొంతు కలపాలనిపించేలా ఉంటుంది ఆ బాణీ. అసలు మజా గిటార్ సోలో తర్వాత వస్తుంది. సోలో నుంచి బయటపడగానే పాట మొత్తం ఒక్క ఊపున పై శ్రుతికి ఎక్కేస్తుంది. గిటార్ మెడకి కేపో అనే క్లిప్పు బిగించుకుని సులువైన కార్డ్స్‌తో బండి లాగించేద్దాం అనుకునేవాళ్లు అక్కడ దొరికిపోతారు. ఎడమ చెయ్యి పైకి జరిపి బార్ కార్డ్స్, అంటే చూపుడు వేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కే కార్డ్స్, పట్టాల్సిందే. గొంతుకీ అదే పరీక్ష. అప్పటిదాకా హాయిగా పాడుకొచ్చిన వరస ఒక్కసారిగా అందనంత ఎత్తులోకి పోతుంది. మాలీ మాత్రం అరవదు. సన్నగా, తేలిగ్గా పట్టేస్తుంది.

ఆ పాట సాహిత్యం ఒక్కసారి ఎదురుగా పెట్టుకుని వినండి. గర్భవతి అయిన ఒక కుర్రపిల్ల పల్లెకి వెళ్లిపోయి, దగ్గర్లోని ఊళ్లో హోటల్లో వడ్డించే పని చేసుకుంటూ బిడ్డని కందామని నిశ్చయించుకుంటుంది. ఐస్ రింక్ వెనకాల దొంగచాటుగా తాగిన తియ్యటి మద్యం డ్రింకు గుర్తొస్తుంది. ఆ డ్రింకే బ్లూ రెవ్, ఆల్బం పేరు అక్కడిదే. ఇక బెలిండా అంటే గాయని బెలిండా కార్లైల్. స్వర్గం ఈ భూమ్మీదే ఉందని 1987లో ఆవిడ పాడిన పాట పెద్ద హిట్. సరే, మరి నరకం కూడా ఇక్కడే కదా అంటుంది ఈ పాటలోని పిల్ల. ఎక్కడా ఏడుపు లేదు, జాలి పడమని అడగటం లేదు. అలాంటి పాటలో ఒక్కసారిగా శ్రుతి పెరిగితే ఒళ్లు జలదరించకుండా ఎలా ఉంటుంది? అమెరికా సంగీత వెబ్‌సైటు పిచ్‌ఫోర్క్ 2022లో వచ్చిన ఉత్తమ పాటల జాబితాలో దీనికి మొదటి స్థానం ఇచ్చింది. జాబితాల మీద నాకు పెద్దగా గురి లేదు గానీ, దీనితో పేచీ పెట్టుకోలేను.

ఇక గొంతు వినపడకపోవడం గురించి. ఆల్బం తయారైన తీరు తెలిస్తే కొంత అర్థమవుతుంది. రెండో ఆల్బం 'యాంటీసోషలైట్స్' 2017లో వచ్చింది. ఇది 2022 అక్టోబరు 7న. మధ్యలో ఐదేళ్లు. ఈలోగా మాలీ అపార్ట్‌మెంట్లో దొంగలు పడి, కొత్త పాటల డెమోలు (తొలి నమూనా రికార్డింగులు) నింపుకున్న రికార్డర్ ఎత్తుకుపోయారు. ఆ మర్నాడే బేస్‌మెంట్లోకి నీళ్లొచ్చి వాయిద్యాలు దాదాపు పాడయ్యేంత పనైంది. ఆ తర్వాత కోవిడ్ వల్ల సరిహద్దులు మూసేయడంతో అవతలి వైపున్న డ్రమ్మర్, బేసిస్ట్‌లతో కలిసి రిహార్సల్ చేసే వీలే లేకపోయింది. చివరికి 2021 అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌లో ప్రొడ్యూసర్ షాన్ ఎవరెట్ దగ్గర కూర్చున్నారు. అలబామా షేక్స్, ద వార్ ఆన్ డ్రగ్స్ బ్యాండ్ల రికార్డుల శబ్దం వెనక ఉన్నది ఈయనే. ముందుగా వేసుకున్న లెక్కలన్నీ పక్కనపెట్టి వాయించేయండి అన్నాడట. రెండో రోజున వాళ్లు ఆల్బం మొత్తాన్ని మొదటి పాట నుంచి చివరిదాకా రెండుసార్లు ఏకబిగిన వాయించేశారు. పాటకీ పాటకీ మధ్య 15 సెకన్లు, మొదటి దఫాకీ రెండో దఫాకీ మధ్య అరగంట, అంతే విరామం. ఆ తర్వాత నెలల తరబడి దాని మీద పొరలు పేర్చుకుంటూ పోయారు.

మీకు హోరులా అనిపిస్తున్నది ఆ రెండూ కలిసిన ఫలితం: అడుగున ఐదుగురు ఒకే గదిలో ఊపిరి తిప్పుకోకుండా వాయించిన వేడి, పైన ఓపిగ్గా పేర్చిన గిటార్లు. ఫోన్ స్పీకర్‌లో ఇవన్నీ ఒకే ముద్ద అయిపోతాయి. కాస్త మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గొంతు ఎక్కడుందో, ఏ గిటార్ ఏ చెవి వైపు నుంచి వస్తోందో విడివిడిగా తెలుస్తుంది. అయినా గొంతు ముందుకి రాదు. రావాలని వాళ్లు కోరుకోలేదు కాబట్టి.

మొదటి పాట 'ఫార్మసిస్ట్' చూడండి. అంతా కలిపి రెండు నిమిషాలు. మందుల షాపులో పాత ప్రియుడి చెల్లెలు కనపడింది, అతను ఊరికి తిరిగొచ్చాడని తెలిసింది. కథ అంతే. ఆ అమ్మాయికి ఏమనిపించిందో మాటల్లో పెద్దగా చెప్పదు, గిటార్ అందుకుని మిగతాది పూర్తి చేస్తుంది. అరిగిన క్యాసెట్ సాగినట్టు స్వరాలు వంకర్లు పోతూ ఉంటాయి. అక్కడ మిక్సింగ్‌లో గొంతుని ముందుకి లాగి ఉంటే ఆ సోలోకి అంత బరువు ఉండేది కాదని నా నమ్మకం.

పాటలన్నీ ఒకేలా ఉన్నాయన్న మాట ఒప్పుకోను గానీ, అలా ఎందుకు అనిపించిందో ఊహించగలను. మొదటి నాలుగు పాటలూ గిటార్లతో దద్దరిల్లేవే. వాటిని వరుసగా పేర్చారు. అవి దాటేసరికి చెవి అలిసిపోతుంది. మొత్తం 14 పాటలు, 40 నిమిషాల లోపే అయిపోతాయి. అన్నిటికంటే మంచి పాట 'బెలిండా సేస్' పదకొండోది! కష్టపడి అక్కడిదాకా వచ్చేవాళ్లు ఎందరు? ఈ వరస విషయంలో బ్యాండ్‌ని నేను క్షమించలేదు. మధ్యలో 'వెరీ ఆన్‌లైన్ గై' ఉంది. ఇంటర్నెట్‌లో ప్రతి పోస్టుకీ ఎగబడి జవాబులిచ్చే మగమహారాజుల మీద వెటకారం, సింథ్‌లతో నడిచే పాట. 'టైల్ బై టైల్' నెమ్మదిగా నడుస్తుంది. దాని వెంటనే వచ్చే 'పామరేనియన్ స్పిన్‌స్టర్' పంక్ వేగంతో పరిగెడుతుంది. ఇవి ఒకేలా ఉన్నాయంటే మాత్రం మీరు మూడో పాట దగ్గరే ఆపేశారని నా అనుమానం.

రివ్యూల సంగతి. పిచ్‌ఫోర్క్ 10కి 8.8 ఇచ్చింది. 2023లో కెనడాలో జూనో అవార్డుల్లో ఆల్టర్నేటివ్ ఆల్బం బహుమతి వచ్చింది. అంతకుముందు 'యాంటీసోషలైట్స్'కీ అదే బహుమతి వచ్చింది. కెనడాలో ఏటా ఉత్తమ ఆల్బంకి ఇచ్చే పోలారిస్ ప్రైజ్ తుది జాబితాకి చేరింది గానీ, ఆ ఏడాది బహుమతి గాయని డెబీ ఫ్రైడేకి వెళ్లింది. 'బెలిండా సేస్'కి గ్రామీ నామినేషన్ వచ్చింది, అవార్డు పారామోర్ బ్యాండ్ పట్టుకుపోయింది. ఈ పేరులో కొంత భాగం ఐదేళ్ల ఎదురుచూపుకి దక్కిందేనని నాకనిపిస్తుంది. ఇక లేదేమో అనుకున్న బ్యాండ్ తిరిగొస్తే రాసేవాళ్ల కలం కాస్త ఉదారంగానే నడుస్తుంది. పైగా ఇందులో బెలిండా కార్లైల్ ఉంది, 'టెలివిజన్' అనే బ్యాండ్ గిటారిస్ట్ టామ్ వెర్లైన్ పేరు మీద ఒక పాట ఉంది. ఇలాంటి ఆనవాళ్లు దొరికితే విమర్శకులకి పండగే. అవి తెలియనివాళ్లకి పోయేదేమీ లేదు. టామ్ వెర్లైన్ ఎవరో వెతుక్కోకముందే ఆ పాట నాకు నచ్చేసింది.

మీ స్థానంలో ఉంటే ఆల్బంని మొదటి నుంచి మొదలుపెట్టను. ముందు 'ఆఫ్టర్ ది ఎర్త్‌క్వేక్' పెట్టండి. గిటార్లు గలగలా పరిగెడుతుంటాయి, మధ్యలో ఒక్కసారిగా అన్నీ తగ్గిపోతాయి. పాటలోని అమ్మాయి, స్పృహలో లేని మనిషి పక్కన కూర్చుని గోడకేసి చూస్తూ నోటికొచ్చిందేదో మాట్లాడిన రోజుల్ని తలుచుకుంటుంది. మీరు వినపడలేదంటున్న ఆ గొంతు అక్కడ దాదాపు ఒంటరిగా, శుభ్రంగా వినపడుతుంది. ఆ వెంటనే వాయిద్యాలన్నీ మళ్లీ విరుచుకుపడతాయి. ఆ కాసేపూ మీకు పడితే, తర్వాత 'బెలిండా సేస్', ఆపైన 'ఫార్మసిస్ట్' వినండి. మొత్తం ఆల్బం ఆ తర్వాత చూసుకోవచ్చు.

అప్పటికీ నచ్చకపోతే బలవంతం ఏమీ లేదు. మా తమ్ముడికి ఇప్పటికీ 'బ్లూ రెవ్' అంటే తలనొప్పే. కారులో నేను పెడితే రెండో పాటకే మార్చేస్తాడు. వాడికి 'యాంటీసోషలైట్స్' చాలు. అందులో గొంతు ఇంత దాక్కోదు, 'డ్రీమ్స్ టునైట్' లాంటి పాట ఉంది. మీకూ అదే సరిపోవచ్చు.