విషపూరిత వ్యర్థజలాల శుద్ధి: మైక్రోబయాలజీ చదివితే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉంది. రసాయన పరిశ్రమల వ్యర్థజలాలను బ్యాక్టీరియాతో శుద్ధి చేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఇంజనీరింగ్ చదవకపోయినా అక్కడ రాణించగలదా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: రాణించగలదు. ట్యాంకులు, బ్లోయర్ల డిజైన్ ఇంజనీర్లు చూసుకుంటారు. ప్లాంటు నడుస్తున్నప్పుడు మాత్రం, నిన్నటిదాకా బాగున్న బ్యాక్టీరియా ఇవాళ ఎందుకు మొరాయించిందో చెప్పేవాళ్లు కావాలి. మీ అమ్మాయి పట్టు సాధించాల్సింది ఇక్కడే. పెట్రీ ప్లేట్లు, గ్రామ్ స్టెయినింగ్ వరకే వస్తే చాలదు.

ముందు బ్యాక్టీరియా ఏం చేయలేదో తెలియాలి. క్రోమియం, నికెల్ లాంటి లోహాలను అది విడగొట్టలేదు. అవి స్లడ్జ్‌కు (ట్యాంకులో పెరిగే బ్యాక్టీరియా ముద్దకు) అంటుకుని అక్కడే పోగవుతాయి కాబట్టి, వాటిని ముందే రసాయనాలతో అవక్షేపంగా తీసేయాలి. ఫినాల్ అనే విషపూరిత కర్బన రసాయనం కథ వేరు. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు దాన్ని ఆహారంగా వాడుకుంటాయి, కానీ గాఢత పెరిగితే అదే ఫినాల్ వాటి ఎదుగుదలను అడ్డుకుంటుంది. అందుకే ఈక్వలైజేషన్ ట్యాంకులో నీటిని కలిపి, బ్యాక్టీరియాకు గాలి అందించే ఏరేషన్ ట్యాంకుకు సమంగా వదులుతారు. కొత్త స్లడ్జ్‌కు కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ కొన్ని వారాలపాటు అలవాటు చేస్తారు. ఈ ఓపిక లేక, ప్లాంటు పడిపోయిన ప్రతిసారీ బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లు కొని పోసేవాళ్లున్నారు. విషం వచ్చే దారి మూయకపోతే ఆ కొత్త బ్యాక్టీరియా కూడా చస్తుంది.

బీవోడీ (నీటిలోని మలినాలను తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) పరీక్షలో ఒక మోసం ఉంది. విషం ఉన్న నమూనాలో సీసాలోని సూక్ష్మజీవులే దెబ్బతిని బీవోడీ తక్కువగా వస్తుంది. నీరు బాగానే ఉందనుకుంటే పొరపాటే. అదే నమూనాను మరింత పలుచన చేసినకొద్దీ లెక్కగట్టిన బీవోడీ పెరుగుతూ పోతే విషం ఉందని అనుమానించాలి.

ఇంతకంటే త్వరగా తేలేది ఆక్సిజన్ వినియోగ వేగం పరీక్ష. బాగా గాలి పట్టించిన స్లడ్జ్‌ను సీసాలో నింపి, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) కొలిచే ప్రోబ్ పెట్టి, కలుపుతూ నిమిషానికోసారి రీడింగ్ రాయాలి. డీవో లీటరుకు నిమిషానికి 0.5 మిల్లీగ్రాములు పడితే, లీటరుకు గంటకు 30 మిల్లీగ్రాముల వినియోగం. అదే స్లడ్జ్‌కు అనుమానమున్న నీటిని కలిపి మళ్లీ చూడాలి. వేగం పెరిగితే ఆ నీరు ఆహారం, బాగా పడిపోతే విషం. అరగంటలో తేలే ఈ పరీక్ష ఇంటర్వ్యూలో చేతులారా చేశానని చెప్పగలిగితే మార్కుల జాబితా కంటే బరువుంటుంది.

లెక్కలకు భయపడకూడదు. బీవోడీ, నత్రజని, భాస్వరం 100:5:1 నిష్పత్తిలో ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. రోజుకు 1000 కిలోల బీవోడీ వస్తూ, నీటిలో నత్రజని అసలు లేకపోతే 50 కిలోల నత్రజని ఇవ్వాలి. 46 శాతం నత్రజని ఉన్న యూరియా అయితే దాదాపు 109 కిలోలు. అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, విషానికి ముందుగా దెబ్బతినేవాటిలో అదొకటి. అలా మార్చేటప్పుడు ఒక గ్రాము అమోనియా నత్రజనికి, కాల్షియం కార్బొనేట్ లెక్కన, సుమారు 7 గ్రాముల క్షారత్వం (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఖర్చవుతుంది. శుద్ధి అయిన నీటిలో అమోనియా హఠాత్తుగా పెరిగితే పీహెచ్, క్షారత్వం, డీవో చూసి, అవి సరిగ్గా ఉంటే విషం కోసం వెతకాలి.

పీజీకి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదా ఎన్విరాన్‌మెంటల్ మైక్రోబయాలజీ నయం. కోర్సు పేరు కంటే ల్యాబ్‌లో నడుస్తున్న రియాక్టర్ ఉందా అన్నది ముందు కనుక్కోండి. ప్రాజెక్టుకు ఒక చిన్న బ్యాచ్ రియాక్టర్‌ను నెలల తరబడి నడిపి, రోజూ సీవోడీ (మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్), ఎంఎల్‌ఎస్‌ఎస్ (ఏరేషన్ నీటిలో తేలియాడే ఘనపదార్థాల గాఢత), 30 నిమిషాల్లో స్లడ్జ్ ఎంత దిగిందో రాయమనండి.

మీ భయం భద్రత గురించైతే అది సరైన భయమే. సయనైడ్, సల్ఫైడ్ ఉన్న నీటిలో ఆమ్లం కలిస్తే ప్రాణాంతక వాయువులు వెలువడతాయి. ఉద్యోగంలో చేరేముందు గ్యాస్ డిటెక్టర్లు ఇస్తారా, మూసి ఉన్న ట్యాంకుల్లోకి దిగడానికి రాతపూర్వక అనుమతి పద్ధతి ఉందా అని అడగమనండి. సూటిగా జవాబు రాకపోతే ఆ ఉద్యోగం వద్దు.